సవరణ: యూరప్ జనం ప్రతిసారీ 'వద్దు' అనలేదు

యూరోపియన్ యూనియన్ మీద నేను మొన్న రాసిన పోస్టులో, ఎప్పుడు ఓటు పెట్టినా జనం కాదన్నారని, 1979 నుంచి యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో పోలింగ్ పడిపోతూనే ఉందని రాశాను. రెండూ తప్పే, క్షమించండి.

2005లో యూనియన్‌కి ఒక రాజ్యాంగం పెట్టాలన్న ఒప్పందాన్ని ఫ్రాన్స్, నెదర్లాండ్స్ తిరస్కరించిన మాట నిజం. కానీ అదే ఏడాది స్పెయిన్, లక్సెంబర్గ్ ప్రజలు అదే ఒప్పందానికి సరే అన్నారు, అది నేను వదిలేశాను. పోలింగ్ కూడా 2014లో 43 శాతం లోపుకి దిగజారి, 2019లో మళ్ళీ 50 దాటింది, 2024లోనూ దాదాపు అంతే.

నేను అసలు చూడాల్సింది డెన్మార్క్‌ని. 1992లో, యూరోపియన్ యూనియన్‌ని ఏర్పాటు చేసే మాస్ట్రిక్ట్ ఒప్పందాన్ని 50.7 శాతంతో, అంటే వెంట్రుకవాసిలో కాదన్నారు. దాంతో ఉమ్మడి కరెన్సీ, రక్షణ లాంటి నాలుగు విషయాల్లో వాళ్ళకి మినహాయింపులు ఇచ్చారు, మరుసటి ఏడాది అదే జనం ఒప్పుకున్నారు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళకి, ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలయ్యాక, 2022 జూన్‌లో రక్షణ మినహాయింపుని వాళ్ళే ఓటేసి తీసేశారు, మూడింట రెండొంతుల మంది. యూరో మాత్రం ఇప్పటికీ వద్దనే అంటున్నారు, తమ సొంత కరెన్సీ క్రోన్‌లే వాడుకుంటున్నారు.

అంటే జనం మద్దతు ఒక్కో విషయానికి ఒక్కోలా ఉంటోంది, ఏళ్ళు గడిచేకొద్దీ మారుతోంది కూడా. బ్రిటన్ 2016లో 51.9 శాతంతో బయటికి వెళ్ళాలనుకోవడం గురించి రాసింది మాత్రం సరైనదే, దాన్ని మార్చడం లేదు. పాత పోస్టులో తప్పుగా రాసిన ఆ రెండు వాక్యాలూ కొట్టేశాను.