ఆక్టేన్ సీసా తర్వాత, ముందు ఇంటర్‌కూలర్ కడగండి బాబూ

సంక్రాంతి దగ్గర పడుతుంటే మొదలవుతుందండీ ఈ గోల. భీమవరం, అమలాపురం, రావులపాలెం చుట్టుపక్కల రీమ్యాప్ చేయించిన, అంటే ఇంజను కంప్యూటర్‌లో ప్రోగ్రాము (మ్యాపు) మార్పించిన టర్బో కార్లన్నీ బయటికొస్తాయి, వాటి వెనకాలే పెయింట్ షాపు డబ్బాలూ వస్తాయి. రెండు లీటర్ల టోలుయిన్ (రంగుల్లో కలిపే సాల్వెంట్), కాస్త థిన్నర్, నాలుగు కలరా ఉండలు, పైన ముద్దకర్పూరం. కారుకి ఆక్టేన్ పెంచుతున్నారా, హారతి పడుతున్నారా?

ఆక్టేన్ అంటే పవరు కాదండి. ప్లగ్గు నిప్పు అంటించాక ఆ మంట సిలిండర్ అవతలి గోడకి చేరాలి. అది చేరేలోపు అక్కడున్న మిశ్రమం తనంతట తాను ఢామ్మని అంటుకుంటే అదే నాకింగ్. అలా అంటుకోకుండా ఇంధనం ఎంత ఓర్చుకుంటుందో చెప్పే కొలత ఆక్టేన్. బీఎస్6 కాలుష్య నిబంధనల నాటికి మన మామూలు పెట్రోలు 91. 20 శాతం ఇథనాల్ కలిపాక అది 95 అయిందని కేంద్ర పెట్రోలియం శాఖే 2025లో చెప్పింది. అంటే ఆక్టేన్ పెంచే మందుని బంకులోనే కలిపి పోస్తున్నారన్నమాట. యానాం వెళ్లి పోయించుకున్నా ఇదే సరుకు. అక్కడ తగ్గేది పన్ను, పెరిగేదేమీ లేదు.

ఇప్పుడు టోలుయిన్ లెక్క చూడండి. దాని ఆక్టేన్ సుమారు 118. నలభై లీటర్ల ట్యాంకులో లీటరు కలిపితే 95 కాస్తా 95.6 అవుతుంది. నాలుగు లీటర్లు పోస్తే 97.3. 200 మిల్లీలీటర్ల సీసా పోసి "కారు లాగుడు మారిపోయింది" అనేవాళ్లకి వచ్చింది 0.1. మారింది కారు కాదు, మనసు. ఆక్టేన్ పెంచే మందుల సీసాల మీద "30 పాయింట్లు" అని రాస్తారు చూడండి, అక్కడ పది పాయింట్లయితే ఒక ఆక్టేన్. ముప్పై అంటే మూడు, అదీ వాళ్లు చెప్పినంతా నిజంగా వస్తే.

ఈ టోలుయిన్ మోజు ఊరికే రాలేదు. 1988లో హోండా ఫార్ములా వన్ టర్బో ఇంజను తాగింది 84 శాతం టోలుయిన్, 16 శాతం నార్మల్ హెప్టేనే. నిబంధన 102 ఆక్టేన్ దాటకూడదు కాబట్టి ఆక్టేన్ సున్నా ఉన్న హెప్టేన్ కలిపి కిందికి దించారు. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. టోలుయిన్ మరిగేది 110 డిగ్రీల దగ్గర, చల్లటి ఇంజనులో సరిగ్గా ఆవిరవదు. అందుకని వాళ్లు ఇంధనాన్ని ముందే వేడిచేసి పంపేవారు. మీ కారులో ఆ ఏర్పాటు లేదు. పైగా సాల్వెంట్లు బళ్లలో పోయడం మన దేశంలో నేరం. 2000 నాటి సాల్వెంట్, రాఫినేట్, స్లాప్ ఆర్డర్ అచ్చంగా దీనికోసమే ఉంది.

పెయింట్ షాపు థిన్నర్ని టోలుయిన్ అనుకోవడం మరో తప్పు. అందులో అసిటోన్, ఎస్టర్లు, ఆల్కహాళ్లు, ఏ కంపెనీ ఏ పాళ్లలో కలిపితే అవి ఉంటాయి. పంపు సీళ్లు ఉబ్బుతాయి, ట్యాంకు మూత దగ్గర చుక్క పడితే రంగు లేచిపోతుంది. శానిటైజర్ పోసే మహానుభావులూ ఉన్నారు. అందులో నీళ్లుంటాయి నాయనా.

కలరా ఉండలది పాత కథ. ఒకప్పుడు అవి నాఫ్తలీన్. కరిగి మండుతుంది నిజమే, కానీ ఇంజను ఆపాక వేడికి పెట్రోలు ఎగిరిపోయి, ఇంజెక్టర్ మూతి దగ్గర అది గడ్డకట్టి మిగులుతుంది. ఇప్పుడు దొరికే చాలా ఉండలు పారా డైక్లోరోబెంజీన్. దాంట్లో క్లోరిన్ ఉంది, మండితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఏదో తేల్చుకోవాలంటే ఉప్పు ఇక కరగనంత చిక్కగా ఉప్పునీళ్లు కలిపి ఉండ వేయండి. నాఫ్తలీన్ తేలుతుంది, రెండోది మునుగుతుంది. తేలింది కదా అని ట్యాంకులో వేయమని కాదు.

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది ఆక్టేన్ సీసాల్లో కలిపే ఫెర్రోసీన్, ఎంఎంటీ అనే లోహపు మందులతో. వీటివల్ల ఆక్టేన్ పెరుగుతుంది, కాదనను. కానీ ఒకదాంట్లో ఇనుము, రెండోదాంట్లో మాంగనీసు. అవి మండి మాయమవ్వవు. ప్లగ్గు విప్పి పింగాణీ చూడండి, పాత పెంకు రంగులో పొడి పట్టి ఉంటుంది. ఆ పొర గుండా కరెంటు పక్కదారి పడితే నిప్పు రాదు, కారు గుటకలు మింగుతుంది. నాకింగ్ గుర్తు వేరు. భూతద్దంలో చూస్తే పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు, మధ్యలో తళుక్కుమనే అల్యూమినియం రేణువులు. అది పిస్టనండీ, ముక్కలు ముక్కలుగా పోతోంది.

ట్యాంకులో ఏముందో ముందు చూసుకోండి. 100 మిల్లీలీటర్ల కొలజాడీలో 20 నీళ్లు, అందులో చుక్క సిరా, పైన 80 పెట్రోలు. మూతేసి నిమిషంపాటు తిరగేసి బోర్లించండి, మధ్యమధ్యలో గాలి వదలండి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. నీళ్ల గీత 20 నుంచి 35, 36కి లేస్తే ఇథనాల్ 20 శాతం ఉన్నట్టే. అగ్గికి దూరంగా చేయండి, ఆ పెట్రోలు మళ్లీ ట్యాంకులో పోయకండి. మన తేమలో సగం ట్యాంకుతో వర్షాకాలమంతా నిలబెట్టిన కారులోనూ ఇదే జరగొచ్చు. నీరు మితిమీరితే ఇథనాల్‌ని లాక్కుని అడుక్కి దిగిపోతుంది, పైన మిగిలేది తక్కువ ఆక్టేన్ పెట్రోలు.

సీసా కొనేముందు లాగ్ తీయండి, అంటే ఇంజను కంప్యూటర్ అంకెల చిట్టా. అదీ డైనో మీద, కారుని రోలర్ల మీద నిలబెట్టి పరిగెత్తించే మిషన్ అది. కాలవ గట్టు మీద కాదు, ఎదురుగా వరికోత మిషన్ వస్తే పక్కకి తప్పుకోడానికి చోటుండదు. మూడో గేరులో ఫుల్ థ్రాటిల్, నాకింగ్ ఆపడానికి కంప్యూటర్ ఒక్కో సిలిండర్‌కి టైమింగ్‌ని, అంటే ప్లగ్గు నిప్పు వేసే క్షణాన్ని, ఎన్ని డిగ్రీలు వెనక్కి లాగుతోందో, లోపలికెళ్లే గాలి వేడి ఎంతో రాసుకోండి. అప్పుడప్పుడూ రెండు మూడు డిగ్రీలు మామూలే. ఒక్క సిలిండరే ఐదారు లాగితే ప్లగ్గో, ఇంజెక్టరో, కార్బనో. అన్నీ లాగుతూ గాలి 60 డిగ్రీలు దాటిందంటే తప్పు పెట్రోలుది కాదు, టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌ది. బంపర్ విప్పి చూడండి. కోతలప్పటి ఊక, దుమ్ము, రైస్‌మిల్లు బూడిద కలిసి రెక్కల మధ్య పిడకలా అంటుకుని ఉంటాయి. ముందునుంచి ప్రెషర్ పంపు కొడితే రెక్కలు పడుకుంటాయి, చెత్త ఇంకా లోపలికి పోతుంది. వెనకనుంచి ముందుకి, మామూలు గొట్టంతో మెల్లగా కడగాలి. ఎయిర్ ఫిల్టరూ చూడండి. ఊక బూడిద అంటే ఎక్కువ భాగం సిలికాయే, సిలిండర్ గోడలకి గరుకు కాగితంతో సమానం.

గాలి 40 డిగ్రీలున్నా అన్ని సిలిండర్లూ లాగుతుంటే, అప్పుడు ఇంధనమో మ్యాపో. ఏ ఆక్టేన్‌కి రాశాడో ట్యూనర్‌ని అడగండి. 100కి రాసి ఉంటే, ఆ పెట్రోలు మీ ఊళ్లో రోజూ దొరకనప్పుడు 95కి తిరిగి రాయించుకోండి. బూస్ట్ (టర్బో గాలిని నెట్టే ఒత్తిడి) కాస్త తగ్గుతుంది, టైమింగ్ ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి వెళుతుంది. కోడిపందేల బరుల దగ్గర గంటసేపు ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఒక్కసారి తొక్కినప్పుడు ఆ తేడా మీకు తెలియదు, పిస్టన్లకి తెలుస్తుంది.