రొయ్యల చెరువు గట్టున రాజశేఖరం

గోదావరి డెల్టాలో మగజాతికి కొత్త ప్రమాదం వచ్చి పడింది. తుపాను కాదు, కొబ్బరి ధర పడిపోవడమూ కాదు. వాటికి మేం అలవాటు పడిపోయాం. మధ్యాహ్నం రెండు దాటాక ఇంట్లో ఆడవాళ్ళు పుస్తకమో ఫోనో పట్టుకుని తమలో తాము నవ్వుకుంటున్నారు. ఏమిటని అడిగితే "ఏం లేదండి" అంటున్నారు. పాతికేళ్ళ కాపురంలో మా ఆవిడ నన్ను చూసి అలా నవ్విన దాఖలా లేదు. అందుచేత ఊరి క్షేమం కోరి విచారణ చేపట్టాను. అందులో భాగంగా పదకొండు నవలలు చదవాల్సి వచ్చింది. కొన్ని రెండేసి సార్లు. ఆధారాల కోసమే లెండి.

ముందు మూలకారణం. నా పరిశోధనలో తప్పంతా కాటన్ దొరదని తేలింది. 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయింది, కాలువల్లో నీళ్ళొచ్చాయి. నీళ్ళుంటే వరి. వరి ఉంటే కడుపు నిండా అన్నం. అన్నం తింటే మగాడికి నిద్ర. మగాడు నిద్రపోతే ఇల్లు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోకే నవల చొరబడింది. ఆ సంగతి తెలియక ఊరూరా గుర్రమెక్కిన దొరగారి విగ్రహానికి దండలేస్తున్నాం.

ఇది నిన్నమొన్నటి జబ్బు కూడా కాదు. మా అత్తగారి తరాన్ని యద్దనపూడి సులోచనారాణి గారు పట్టుకున్నారు. ఆవిడ 'సెక్రటరీ' నవల 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా కూడా అయింది. అందులో రాజశేఖరం అని ఒకాయన ఉంటాడు. మా మావగారు పాపం అయిదడుగుల మూడంగుళాలు, కొబ్బరి దింపు లెక్కలు తప్ప వేరే కబుర్లు రావు. తను ఎన్నడూ చదవని పుస్తకంలోని మనిషితో జీవితాంతం పోటీపడి ఓడిపోయారు. అయినా ఆ రోజుల్లో మగాడికి ఒక సాకు ఉండేది. రాజశేఖరానికి డబ్బుంది, కారుంది. మనకి లేవు, ఏం చేస్తాం అని తప్పించుకునేవాళ్ళం. ఇప్పటి రచయిత్రులు ఆ సాకు కూడా లాగేసుకున్నారు.

ఈ కొత్త నవలల కథ నాకు కంఠతా వచ్చు. అమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసో, మనసు విరిగో అమ్మమ్మగారి ఊరొస్తుంది. ఇంగ్లీషు పుస్తకంలో అయితే సముద్రం ఒడ్డు పల్లెలో కేకుల కొట్టు పెడుతుంది, మన పుస్తకంలో అయితే పూతరేకులు చుడుతుంది. పక్కింట్లో ఒక పశువుల డాక్టరు ఉంటాడు. చివరికి అందరూ బాగుంటారు. లండన్‌లో 1908లో పెట్టిన మిల్స్ అండ్ బూన్ కంపెనీ మొదట్లో అన్ని రకాల పుస్తకాలూ వేసేది. 1930ల్లో ప్రేమకథల్లోకి దిగింది, ఇక బయటికి రాలేదు, బెల్లంలో ఈగలాగా.

నా అభ్యంతరాలు పూర్తిగా సాంకేతికమైనవి. గోదావరి జిల్లాల్లో అమ్మమ్మ పెంకుటిల్లు ఒక్క మనవరాలికి ఖాళీగా దొరకడమేమిటి? నలుగురు మేనమామలుండాలి, కోర్టులో ఒక దావా ఉండాలి, రిజిస్ట్రారు ఆఫీసులో ఆస్తి లావాదేవీల చిట్టా, అదే ఈసీ, తీయిస్తే రెండు తాకట్లు బయటపడాలి. పదకొండు నవలల్లో ఒక్క హీరోయినూ సర్వేయర్ని పిలవలేదు. దోమల్లేవు. వేసవిలో కాలువ కట్టేశాక అడుగున వచ్చే పాచి వాసన లేదు. చుట్టూ రొయ్యల చెరువులే, బోరులో నీళ్ళు మాత్రం తియ్యగా వస్తాయి!

అసలు ప్రమాదం ఏడో నవలలో దొరికింది. హీరోయిన్‌కి జ్వరం. ఆ పశువుల డాక్టరు వంటింట్లోకి వెళ్ళాడు. పంచదార ఎక్కడుందని కేకెయ్యలేదు, తనే వెతుక్కున్నాడు. కాఫీ కలిపి ఇచ్చాడు. తర్వాత వెనక్కి వెళ్ళి, పాలు పొంగిన పొయ్యిగట్టు తడిగుడ్డతో తుడిచాడు. అంతే. మా ఆవిడ ముద్దు పెట్టుకున్న పేజీ మడవలేదు, వానలో కౌగిలించుకున్న పేజీ మడవలేదు. పొయ్యిగట్టు తుడిచిన పేజీ మడిచి పెట్టుకుంది. దీనికి కారు అక్కర్లేదు. ఒక గుడ్డముక్క చాలు. ఎంత కుట్ర!

ఈ సంగతి సాయంత్రం వంతెన దగ్గర టీ కొట్లో పెట్టాను. మా బాబాయి పెదవి విరిచాడు. "అదంతా అభూతకల్పనరా అబ్బాయ్. నిజంగా అలాంటియ్యి జరుగుతాయేంటి?" అన్నాడు.

బాబాయికి ఆరెకరాల వనామీ రొయ్యల చెరువుంది, అందులో నాకూ వాటా ఉంది. ప్రతి పంటకీ ఈసారి వైరస్ రాదనీ, పట్టుబడికి ముప్పై కౌంటు, అంటే కిలోకి ముప్పై రొయ్యలే తూగేంత సైజు, వస్తుందనీ, సరిగ్గా ఆ రోజే రేటు లేస్తుందనీ, కొన్నవాడు ఆ వారంలోనే డబ్బులిస్తాడనీ ఆయన నమ్మకం. నాలుగు పంటలు తెల్లమచ్చ వైరస్‌కి పోయాయి. అయిదో పంటకి సీడు, అంటే రొయ్య పిల్లల్ని, వదిలాడు. సంక్రాంతికి కోడిపందేల కుక్కుట శాస్త్రం తిరగేసి మరీ డేగ పుంజు మీద పందెం కాసి, చేతికి వాచీ లేకుండా ఇంటికొచ్చాడు. సుఖాంతం మీద ఇంత గురి ఉన్న పాఠకుడు ఏ రచయిత్రికి దొరుకుతాడు? పిన్ని మాత్రం నూటయాభై రూపాయల పుస్తకంలో అదే సుఖాంతం గ్యారంటీగా కొనుక్కుంటోంది, ఎకరం తాకట్టు పెట్టకుండా.

తర్వాత శాఖా గ్రంథాలయానికి వెళ్ళాను. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు సెస్సు కడుతున్నాం కదా, లెక్క అడగాలి. వేదాంతం బీరువాలో పుస్తకాలు పెళ్ళికొడుకుల్లా మెరిసిపోతున్నాయి, ఒక్క చెయ్యి పడలేదు. నవలల బీరువాలో ఒక్కదానికీ అట్ట నిలవలేదు. ఒకదాని మీద ఆవకాయ నూనె మరక. ఇంకోదాంట్లో పేజీ గుర్తుకి లేసు దారం ముక్క. మా నరసాపురం వైపు లేసు అల్లేవాళ్ళకి రెండు చేతులూ ఖాళీ ఉండవు, పుస్తకం ఎప్పుడు పట్టుకుంటారో దేవుడికే తెలియాలి. ఒక నవలకి చివరి నాలుగు పేజీలూ ఊడిపోయాయి. అట్ట లోపల ఎవరో పెన్సిల్‌తో రాశారు: "కంగారు పడకండి. పెళ్ళవుతుంది. అత్తగారు కూడా ఒప్పుకుంటారు." దాని కింద వేరే దస్తూరీ: "థాంక్సండి." ఆ కింద మూడో దస్తూరీ: "ఇలాంటాయన ఎక్కడుంటాడండి?"

దానికి జవాబు ఎవరూ రాయలేదు. నేనూ పెన్ను తీసి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాను.

విచారణ అన్నాక ప్రయోగం కూడా ఉండాలి కదా. మర్నాడు అయిదున్నరకే లేచాను. పంచదార డబ్బా కోసం పావుగంట వెతికితే ఉప్పు, బొంబాయి రవ్వ, ఇంగువ, మా పెళ్ళినాటి కుంకుమభరిణె దొరికాయి. ఈలోగా పాలు పొంగాయి. పద్ధతి ప్రకారం తుడిచాను, నా తువ్వాలుతోనే. కాఫీ కలిపి మంచం దగ్గరికి తీసుకెళ్ళి, ఆ డాక్టరు నిలబడ్డట్టే కాస్త పక్కకి వాలి నిలబడ్డాను.

మా ఆవిడ కళ్ళు తెరిచింది. కప్పు వంక చూసింది, నా వంక చూసింది, భుజం మీద తువ్వాలు వంక చూసింది. గబుక్కున లేచి కూర్చుంది.

"ఏవండీ, చెరువుకి వైరస్ వచ్చిందా?"