కీబోర్డు తాకని కంప్యూటర్ పాఠం

డిగ్రీ మొదటి ఏడాది కుర్రవాడు పరీక్ష హాల్లో కూర్చుని, ఎక్సెల్ షీటులో నిలువు వరస అంకెల్ని ఎలా కూడాలో కాగితం మీద నీలిసిరాతో రాస్తాడు. 'మొదట ఫైల్ మెనూ తెరవవలెను, పిదప సేవ్ యాజ్ నొక్కవలెను' అని గైడులో ఉన్నది ఉన్నట్టు దించుతాడు. మార్కులు వచ్చేస్తాయి. అదే కుర్రవాడు స్కాలర్‌షిప్ గడువు దగ్గరపడ్డాక నెట్ సెంటర్ ముందు నిలబడతాడు. ఫొటో సైజు తగ్గించాలన్నా, మార్కుల మెమోను పీడీఎఫ్ చేయాలన్నా, చివరికి తన పాస్‌వర్డ్ తాను పెట్టుకోవాలన్నా కౌంటర్ దగ్గరి మనిషే దిక్కు. ఆ పాస్‌వర్డ్ ఆయన నోటుపుస్తకంలోనే ఉండిపోతుంది. వచ్చే ఏడాది రెన్యువల్‌కు మళ్లీ అక్కడికే వెళ్లాలి కదా!

కంప్యూటర్ పరిచయ పేపర్ మన కాలేజీలకు కొత్త కాదు. 2015-16లో సబ్జెక్టులు ఎంచుకునే వీలిచ్చి క్రెడిట్లు కట్టే ఛాయిస్ బేస్డ్ క్రెడిట్ విధానం వచ్చినప్పటి నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అది ఏదో ఒక రూపంలో ఉంటూనే ఉంది. 2020-21 సిలబస్ సవరణలో 'ఇన్ఫర్మేషన్ అండ్ కమ్యూనికేషన్ టెక్నాలజీ' పేరుతో లైఫ్ స్కిల్ కోర్సుల్లో చేరింది. ఉస్మానియా పరిధిలో బీకాం కంప్యూటర్స్ వాళ్లు మొదటి సెమిస్టర్‌లోనే 'ఫండమెంటల్స్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ' చదువుతారు. పేపర్ ఉంది, క్రెడిట్లున్నాయి, చాలాచోట్ల ల్యాబూ ఉంది. ఆ ల్యాబు తాళం తీసే తీరికే ఎవరికీ లేదు. విద్యార్థులకిది 'ఈజీ పేపర్'. టైంటేబుల్లో ఆఖరి పీరియడ్‌కు మిగిలిపోయే పేపర్. అసలు జబ్బు ఈ చిన్నచూపే.

పాఠం మొదలయ్యేది కంప్యూటర్ తరాలతో. 1946 నాటి ఎనియాక్, దాని పద్దెనిమిది వేల దాకా వాక్యూమ్ ట్యూబులు, తర్వాత ట్రాన్సిస్టర్లు, ఆపై చిప్పులు. ఆ వెనకే ఇన్‌పుట్ పరికరాలు, అవుట్‌పుట్ పరికరాలు, ఫ్లాపీ. ఈ పిల్లల్లో ఎవరూ ఫ్లాపీని చేత్తో పట్టుకుని ఉండరు. సేవ్ బటన్ మీది బొమ్మగా మాత్రమే దాన్ని ఎరుగుదురు. చరిత్ర వద్దని కాదు. సెమిస్టరులో మూడోవంతు దానికే పోతే మిగతా పాఠాలకు చోటెక్కడ?

'ఈ తరం పిల్లలకు కంప్యూటర్ నేర్పడమేంటి, పుట్టగానే ఫోను పట్టుకున్నారు' అనే వాదన ఒకటుంది. వినడానికి బాగుంటుంది. జాతీయ నమూనా సర్వే 78వ విడత, 2020-21లో, ఇంకో సంగతి చెప్పింది: దేశంలో 15-29 ఏళ్ల వాళ్లలో ఒక ఫైలును కాపీ చేయడమో, ఒకచోటి నుంచి మరోచోటికి మార్చడమో తెలిసినవాళ్లు నూటికి ముప్పై మంది కూడా లేరు. అంతకుముందు 2017-18 సర్వేలో గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం. రీల్ తీసి పాట అతికించి పెట్టగల పిల్లకు 'డౌన్‌లోడ్ అయింది సార్, ఎక్కడికి పోయిందో తెలీదు' అనాల్సిన పరిస్థితి వస్తోందంటే తప్పు ఆమెది కాదు. ఫైలు, ఫోల్డరు అన్నవి కంటికి కనిపించకుండా దాచిపెట్టడమే ఫోను తీరు. కాలేజీ మెట్లెక్కాకే చాలామందికి మౌసు చేతికందుతుంది. అక్కడా అందకపోతే ఇంకెక్కడ?

ఇక 'ఇన్ఫర్మేషన్ సిస్టమ్ అనగానేమి?' అన్న ప్రశ్న. డేటాను స్వీకరించి, శుద్ధి చేసి, నిల్వ చేసి, సమాచారంగా అందించునది అని రాస్తే మార్కులు. ఈ నిర్వచనానికి ప్రాణం పోయడానికి తరగతిలోని ఏ అమ్మాయి పేరైనా బోర్డు మీద రాస్తే చాలు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ముందు. ఆధార్‌లో అది ఒక్క పొడి అక్షరం. బ్యాంకు పుస్తకంలో ఆ పొడి అక్షరం పేరు చివరికి జారింది. తండ్రి ఒకచోట వెంకటేశ్వర్లు, మరోచోట వెంకటేశ్వరరావు. 'లక్ష్మి'కి ఇంగ్లిషులో ఎక్స్ పడుతుందో, కేఎస్ పడుతుందో ఆనాడు నమోదు చేసిన ఆపరేటర్ దయ. మనిషి ఒక్కతే, యంత్రానికి ముగ్గురు. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లు గీసినవాళ్లకు ఇంటిపేరు ముందుండే మన పద్ధతి తట్టలేదు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడి గివెన్ నేమ్ ఖాళీగా మిగిలితే, అమెరికా వీసా మీద ఎఫ్ఎన్‌యూ, అంటే 'ఫస్ట్ నేమ్ అన్‌నోన్', అని వచ్చి కూర్చుంటుంది.

హాల్‌టికెట్‌కు నంబరెందుకు, పేరు చాలదా అని ఇక్కడ అడగాలి. పేరు ఇద్దరికి ఉండొచ్చు, ఒక్కరికే మూడు రకాలుగానూ ఉండొచ్చు. నంబరు అలా కాదు. డేటాబేస్ పాఠంలో ప్రైమరీ కీ అంటే ఇంతే. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో, డేటాను ఒకదానితో ఒకటి ముడిపడే పట్టికలుగా అమర్చే రిలేషనల్ మోడల్‌ను ప్రతిపాదించిన సంగతి ఆ తర్వాత చెప్తే బుర్రకెక్కుతుంది. ఆధార్ ద్వారా వచ్చే సర్కారీ సొమ్ము మనం ఫారంలో రాసిన ఖాతాకు కాక, ఆధార్‌తో ఆఖరున అనుసంధానమైన ఖాతాకు ఎందుకు పోతుందో కూడా పనిలోపనిగా చెప్పవచ్చు. ఇది తెలియక బ్యాంకుకూ కాలేజీకీ మధ్య చెప్పులరిగేలా తిరిగే పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

ఎక్సెల్‌నూ ఇలాగే పట్టుకోవాలి. పదహారు అంకెల బ్యాంకు ఖాతా నంబరును మామూలు గడిలో కొట్టి చూడండి: చివరి అంకె సున్నా అయిపోతుంది. ఎక్సెల్ పదిహేను అంకెల వరకే నికరంగా గుర్తుంచుకుంటుంది. ముందున్న సున్నాలు మాయమవుతాయి. పన్నెండంకెల ఆధార్ నంబరు మధ్యలో 'ఈ ప్లస్' (E+) తగిలించుకుని ఎవరికీ అర్థంకాని రూపంలోకి మారుతుంది. గడిని ముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలని తెలియని చేతుల్లో ఒక స్కాలర్‌షిప్ జాబితా మొత్తం పాడైపోతుంది. ఇది పల్లెటూరి కాలేజీ ముచ్చటే అనుకోనక్కర్లేదు. 2020లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ పాత ఎక్సెల్ ఫార్మాట్ వాడి, అది 65,536 వరసల దగ్గర ఆగిపోతుందని గమనించక 15,841 కోవిడ్ కేసుల్ని రోజువారీ లెక్కలోంచి జారవిడిచింది. వాళ్లతో కలిసి తిరిగినవాళ్లను వెతకడం ఆ మేరకు ఆలస్యమైంది. బీఏ చరిత్ర చదివే విద్యార్థికి స్ప్రెడ్‌షీట్ ఎందుకని అడిగేవారికి ఈ ఒక్క ఉదంతం చూపవచ్చు.

తెలుగు టైపింగ్ సంగతి మా కడుపులో ఉన్న బాధ కాబట్టి కాస్త ఎక్కువే చెప్తాం. ఏ భాష అక్షరమైనా ఏ యంత్రంలోనైనా ఒకేలా కనిపించేలా ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం యూనికోడ్. దాని తొలి వెర్షన్ 1991లో వచ్చినప్పుడే తెలుగుకు అందులో చోటు దక్కింది. భారతీయ భాషల కోసం రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ప్రతి కంప్యూటర్‌లోనూ ఉచితంగా ఉంటుంది. అయినా పత్రికలకు అందే రచనల్లో ఇప్పటికీ యూనికోడ్ కాని 'అను' ఫాంట్లలో కొట్టినవి ఉంటాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే రోమన్ అక్షరాల పిచ్చిగీతలు దర్శనమిస్తాయి. డిగ్రీలో తెలుగు పాఠం ఒక గదిలో, కంప్యూటర్ పాఠం ఇంకో గదిలో. ఈ రెండింటినీ ఒక గంటసేపు ఒకే గదిలో కూర్చోబెట్టాలన్న ఆలోచన మన పాఠ్యప్రణాళిక సంఘాలకు ఇన్నేళ్లలో రాకపోవడం విడ్డూరం.

సైబర్ మోసాల అధ్యాయం కొన్ని సిలబస్‌లలో ఉంది, మంచిదే. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దన్న మాటతో పాటు, మోసపోతే వెంటనే ఫిర్యాదు చేయాల్సిన 1930 నంబరు కూడా పిల్లల నోటికి రావాలి.

ల్యాబులు చాలవని, లెక్చరర్లు లేరని యాజమాన్యాలు చెప్పే మాటలో నిజం ఉంది. సర్కారు గెస్ట్ ఫ్యాకల్టీతో బండి లాగిస్తోంది. లైసెన్సు సాఫ్ట్‌వేర్ కొనలేమన్న సాకు మాత్రం చెల్లదు. ఎక్సెల్, వర్డ్ చేసే పనులే చేసే లిబ్రే ఆఫీస్ ఉచితం. కేరళలో పదో తరగతి పిల్లలు ఐటీ పరీక్షను కంప్యూటర్ ముందు కూర్చుని రాస్తారు, అదీ ఉచిత సాఫ్ట్‌వేర్ మీద. పదో తరగతికి అక్కడ చేయగలిగింది డిగ్రీకి ఇక్కడ చేయలేమా? ఇరవై యంత్రాలుంటే అరవై మందికి మూడు బ్యాచ్‌లు, ఒక పూట. మరోపక్క ఏపీపీఎస్సీ గ్రూప్-2 వంటి కొలువులకు 100 మార్కుల కంప్యూటర్ ప్రొఫిషియన్సీ టెస్ట్ పెడుతోంది. విశ్వవిద్యాలయం పాస్ చేసిన పేపర్‌ను ప్రభుత్వమే నమ్మడం లేదన్నమాట. ఆ అపనమ్మకాన్ని మేం తప్పుపట్టం.

పాఠ్యప్రణాళిక సంఘాలు ఒక్క పని చేయాలి. ఈ పేపర్‌కు జవాబుపత్రం రద్దు చేసి, పరీక్షను ల్యాబులో పెట్టాలి. పరీక్ష మారితే పాఠం దానంతటదే మారుతుంది, ల్యాబు తాళమూ వస్తుంది. మొదటి ప్రశ్న మేమే సూచిస్తాం: నీ పదో తరగతి మెమోను వంద కేబీ దాటని పీడీఎఫ్ చేసి, తెలుగులో రెండు వాక్యాల ఉత్తరం జతచేసి, నీ సొంత మెయిల్ నుంచి కాలేజీకి పంపు. సమయం అరగంట. పాస్‌వర్డ్ మరచినవారికి అదనపు సమయం ఇవ్వబడదు.