ముందు పర్యవేక్షకుడు, తర్వాతే కేంద్రం

బిహేవియర్ అనాలిసిస్ (ప్రవర్తనను గమనించి, కొలిచి, మార్చే శాస్త్రం) చదివే పీజీ విద్యార్థికి శ్రీకాకుళం జిల్లాలో ఇంటర్న్‌షిప్ చోటు దొరకడం కష్టమేమీ కాదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష నడిపే భవిత కేంద్రాలున్నాయి, ఆటిజం ఉన్న పిల్లలూ ఉన్నారు. కరవల్లా విద్యార్థి పనిని దగ్గరుండి చూసి దిద్దే అర్హులకే. ముందు కేంద్రం చూసుకుని, ఆనక సంతకం పెట్టేవారి కోసం తిరిగే పద్ధతి పోవాలి.

బిహేవియర్ అనలిస్టులకు సర్టిఫికెట్ ఇచ్చే అమెరికా బోర్డు బీఏసీబీ 2023 నుంచి మన దేశంలో ఉండేవారి కొత్త దరఖాస్తులు తీసుకోవడం లేదు. ఆ సర్టిఫికెట్ ఇప్పిస్తామని ఫీజులు అడిగేవారిని నమ్మొద్దు. అయితే ఆ సంస్థ కొలతలు మనకు పనికొస్తాయి. మొత్తం 2,000 గంటల శిక్షణ, నెలనెలా చేసిన గంటల్లో కనీసం 5 శాతం పర్యవేక్షణ. అంటే 100 గంటలకు 5 గంటలు. ఆ పర్యవేక్షణలో కనీసం సగం విడిగా, ఒక్క విద్యార్థితోనే జరగాలి. పిల్లలతో నేరుగా చేయించే పని మొత్తం గంటల్లో 40 శాతం దాటకూడదు. మిగతాది అంచనా, ప్రణాళిక, గ్రాఫులు, తల్లిదండ్రులకు శిక్షణ. సిబ్బంది చాలని చోట ఈ లెక్క తలకిందులై, పీజీ విద్యార్థి కాస్తా ఆయాగా మిగులుతాడు. గంటలు, పనులు, సంతకం చేసేదెవరు అన్నది మొదటి రోజుకు ముందే ఒప్పందంలో రాసుకోవాలి. ఆ నెల గంటల లెక్క కాగితాలపై ఆ నెలాఖరుకే సంతకం పడాలి.

మొదటి రెండు వారాలు నమోదే పని: ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, తర్వాత ఏం దక్కింది. 'మొండితనం' అని రాస్తే లెక్కకు అందదు, 'కుర్చీ వదిలి లేచాడు' అంటే అందుతుంది. ఒకేసారి చూసిన ఇద్దరి లెక్కలు 80 శాతమైనా కలవకపోతే నిర్వచనం మార్చుకోవాలి.

ప్రణాళిక అసలు దెబ్బ తినేది ఇంటి దగ్గర. ఏడ్చినప్పుడల్లా ఫోన్ ఇచ్చి, ఒక్కసారిగా మానేస్తే ఏడుపు వెంటనే తగ్గకపోగా కొన్నాళ్లు పెరగవచ్చు. ఆ సంగతి ముందే చెప్పకపోతే మూడో రోజుకే ఫోన్ చేతికొస్తుంది. ఇంకా గట్టిగా ఏడిస్తే దొరుకుతుందని పిల్లాడు నేర్చేసుకుంటాడు. చేపల వేటకు తండ్రులు గుజరాత్ వెళ్లే తీర గ్రామాల్లో తల్లికి ఒక్కదానికే చెబితే చాలదు, నాయనమ్మనూ కూర్చోబెట్టాలి. తల బాదుకునే పిల్లల విషయంలో పర్యవేక్షకుడు లేకుండా ఇలాంటిది మొదలుపెట్టనే కూడదు.

పర్యవేక్షకుడు విశాఖ నుంచి రావాలంటే ఇక్కడికి సుమారు వంద కిలోమీటర్లు. నెలకొక్కసారి పర్యవేక్షకుడు నేరుగా రావాలి. మిగతాది వీడియోలో కానివ్వచ్చు. అందుకు తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం ఉండాలి, రికార్డింగ్ విద్యార్థి సొంత ఫోన్‌లో ఉండకూడదు. 2021 నాటి అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల చట్టం బిహేవియరల్ అనలిస్టును తన జాబితాలో చేర్చింది, అంటే ఇది చట్టం గుర్తించిన వృత్తే. ఎచ్చెర్ల విశ్వవిద్యాలయం, సమగ్ర శిక్ష అధికారులు ఇకనైనా కలిసి కూర్చోవాలి. పర్యవేక్షకుడి రానుపోను ఖర్చు బడ్జెట్‌లో చూపాలి, తల్లిదండ్రుల నెత్తిన రుద్దకూడదు. వేసవి సెలవులకు ముందు చివరి రెండు వారాలు భవిత టీచర్‌తో కలిసి పనిచేయించి, తెలుగులో రాసిన ప్రణాళికనూ గ్రాఫులనూ ఆమె చేతికిచ్చాకే విద్యార్థిని రిలీవ్ చేయాలి.