పాత్రల ఆటలో తగాదా ఎక్కడ పుడుతోంది?

రాత్రి పదకొండు దాటాక, గ్రూపులుగా మాట్లాడుకునే యాప్ అయిన డిస్కార్డ్‌లో చేరి, తలా ఒక వేషం కట్టి కథ నడిపే కుర్రాళ్లు ఇప్పుడు విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ ఉన్నారు. జీటీఏ అనే వీడియో గేమ్ సర్వర్లలో పోలీసుగానో టాక్సీ డ్రైవరుగానో మాట్లాడేవాళ్లు కొందరు. వాట్సాప్ గ్రూపులో రాజ్యాలు కట్టి రాతతోనే ఆడేవాళ్లు కొందరు. ఈ గ్రూపులు గొడవలతో చీలిపోయినప్పుడల్లా 'ఈ కాలం పిల్లలకు మర్యాద లేదు' అనేస్తారు. నేను ఒప్పుకోను. ఎవరు దేనికోసం వచ్చారో ముందు చెప్పుకోకపోవడమే అసలు చిక్కు.

1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా మడ్ అనే ఆట మొదలుపెట్టాడు, రిచర్డ్ బార్టిల్ దాన్ని ముందుకు తీసుకెళ్లాడు. బొమ్మల్లేవు, అంతా అక్షరాలే. ఒకే లోకంలో చాలామంది ఒకేసారి తిరగొచ్చు. ఆడేవాళ్లు నాలుగు రకాలని 1996లో బార్టిల్ రాశాడు: పాయింట్లు, హోదా కావాలనేవాళ్లు, ఆ లోకాన్ని మూలమూలా వెతికేవాళ్లు, కబుర్ల కోసం వచ్చేవాళ్లు, ఎదుటివాళ్ల మీద పైచేయి కోసం వచ్చేవాళ్లు. ఈ నాలుగు రకాలవాళ్లూ ఒకే గ్రూపులో పడితే ఏమవుతుంది? తన దొంగ పాత్ర దొరికిపోతేనే కథ రక్తి కడుతుందని ఒకడు చూస్తాడు. అతను తన ఆటను లైవ్ పెడితే, ఆ దొంగను యూట్యూబ్ లైవ్‌లో గమనించి, తన పాత్రకు తెలియని చోటికి ఇంకొకడు నేరుగా వెళ్లి పట్టుకుంటాడు. మొదటివాడికి అది మోసం, రెండోవాడికి గెలుపు. ఇద్దరూ మనసారా ఆడారు, కానీ ఆడింది ఒకే ఆట కాదు.

రాత ఆటలో గొడవ వేరేగా వస్తుంది. ఒకరు పేరాలకు పేరాలు రాస్తే అవతలివాళ్లు 'సరే, వచ్చాను' అని ఊరుకుంటారు. హైదరాబాద్‌లో నైట్ షిఫ్టు చేసేవాడు, పలాసలో పరీక్షలకు చదివేవాడు ఒకే వేగంతో జవాబివ్వలేరు.

మన జిల్లాల వాళ్లకు ఇంకో బాధ ఉంది. రాష్ట్రమంతటి వాళ్లు కలిసే సర్వర్‌లో శ్రీకాకుళం పిల్లాడు 'ఏటి, ఎక్కడికెల్తన్నావు' అంటే కామెడీ పాత్ర కట్టాడని నవ్వుతారు. అతను వేషం కట్టలేదు, తన మాట మాట్లాడాడు. అమ్మాయిల సంగతి ఇంకా కష్టం. ఆటలో ప్రేమ కథ ఒప్పుకున్న పాపానికి, ఆ రాత్రే ఇన్‌బాక్స్‌లో అసలు పేరు, ఫోటో అడిగేవాడు తయారు. పాత్రతో ఒప్పందం మనిషితో ఒప్పందం కాదు. దీన్ని చిన్న పొరపాటుగా సర్దేసే అడ్మిన్లంటే నాకు కోపం.

మన వైపు ఆడే వీధి నాటకం తూర్పు భాగోతంలో సత్యభామ వేషం మగవాడు కడతాడు, ఊరంతా చూస్తుంది, వేషం తీశాక అతన్నెవరూ సత్యభామగా చూడరు. అక్కడ పాట సిద్ధంగా ఉంది, అందుకునేందుకు వంత ఉంది. ఇక్కడ పాట ఎవరూ రాయలేదు, అంచేత కట్టుబాటు ఆడేవాళ్లే రాసుకోవాలి.

దారి కొత్తగా కనిపెట్టక్కర్లేదు. బల్ల చుట్టూ కూర్చుని పాత్రలాడేవాళ్లకు 'సెషన్ జీరో' అనే అలవాటుంది. ఆట మొదలయ్యే ముందు కూర్చుని కథలో ఏవి ఉండొచ్చు, ఏవి వద్దు, వారానికి ఎన్ని రోజులు ఆడాలి అని మాట్లాడుకుంటారు. జాన్ స్టావ్రోపౌలోస్ తెచ్చిన ఎక్స్ కార్డ్ ఇంకా సూటిగా ఉంటుంది. ఇబ్బందనిపించినవాళ్లు బల్ల మీదున్న ఆ కార్డు తాకితే ఆ సన్నివేశాన్ని మార్చేస్తారు, కారణం అడగరు. వాట్సాప్‌లో కార్డు లేకపోయినా ఒక గుర్తు పెట్టుకోవచ్చు. పాత్ర మాట కానిదాన్ని జంట బ్రాకెట్లలో రాయడం చాలా గ్రూపుల్లో ఉన్న అలవాటే. ఆపమన్న మాట ఆ బ్రాకెట్లలో వస్తే కథ ఎంత రసకందాయంలో ఉన్నా ఆగాలి. మధ్యలో మానేసేవాళ్లు ఒక్క ముక్క చెప్పి వెళ్తే చాలు, సంజాయిషీ అక్కర్లేదు.

అడ్మిన్ అన్నిటికంటే ముందు అడగాల్సింది వయసు. జీటీఏ 5కు యూరప్‌లో ఉన్న రేటింగ్ 18 ఏళ్లు. మన దగ్గర తొమ్మిదో తరగతి పిల్లలు అన్నయ్య కంప్యూటర్‌లోంచి అదే సర్వర్‌లో చేరుతున్నారు. పెద్దలు రాసుకున్న కథలోకి వాళ్లను రానిచ్చి, తర్వాత 'నీకు ఆడటం రాదు' అని బ్యాన్ చేస్తున్నారు.