దొరువులో ఊరే నీళ్లకూ ఇదే లెక్క

సన్నటి రంధ్రాలున్న పదార్థాల్లో ద్రవం పారే సమీకరణాలను సౌష్ఠవంతో, అంటే కొలతలు మార్చినా సమీకరణం మారని గుణంతో, సాధించడం మీద మీరు వేసిన వ్యాసం చాలా బాగుంది. కానీ ఇది గణితం వాళ్లకే పనికొచ్చే విద్య అన్న అందులోని ధోరణి మాత్రం నాకు నచ్చలేదు. మాది ఉలవపాడు దగ్గర ఊరు. ఇసుక నేలలో దొరువు తవ్వి బిందెలతో తోడేశాక, పక్కల నుంచి నీళ్లు మళ్లీ ఊరుతుంటే గట్టు మీద కూర్చుని చూసేవాణ్ణి. ఆ ఊటకు 1856లోనే ఫ్రెంచ్ ఇంజనీరు డార్సీ సూత్రం ఇచ్చాడు. దాన్నుంచి వచ్చే, భూగర్భ నీటిమట్టం ఎలా మారుతుందో చెప్పే బూసినెస్క్ సమీకరణం మామూలు పద్ధతులకు ఒక పట్టాన లొంగదు.

ఈ సౌష్ఠవ పద్ధతికి ఆద్యుడు, నార్వే గణితవేత్త సోఫస్ లీ దారి వేరు. కాలం, దూరం, నీటి ఎత్తు, ఈ మూడింటి కొలతల్ని ఎలా కలిపి మారిస్తే సమీకరణం చెక్కుచెదరదో వెతకాలి. అది దొరికిందా, కాలం, దూరం అనే రెండు చరరాశులు ఒకటైపోతాయి, లెక్క సగం తేలికవుతుంది.

పొడవాటి కాలవ నుంచి ఇసుకలోకి ఒక్కసారిగా ఇంకిన నీళ్లు కింద చదునైన బంకమట్టి మీద దిబ్బలా నిలిచాయనుకోండి. కాలం 8 రెట్లయితే దిబ్బ వెడల్పు రెట్టింపు, ఎత్తు సగం! పైగా తడి అంచు ఫలానా చోట అని కచ్చితంగా చెప్పొచ్చు. 1952లో సోవియట్ గణితవేత్త బారెన్‌బ్లాట్ చూపించిన సాధన ఈ కోవలోదే. కంప్యూటర్‌లో నీటి ప్రవాహం లెక్కలు చేసే మా పిల్లలకు ముందు దీనితో సరిచూసుకోమనే చెబుతాను.