‘నాన్నా, లాక్ వెయ్యి’

డాలస్ శివార్లలో ఉండే బంధువుల ఇంటికి వెళ్ళినప్పటి సంగతి. సిగ్నల్ దగ్గర కారు ఆగింది. నల్లజాతి కుర్రాడొకడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తన మానాన తాను రోడ్డు దాటుతున్నాడు. వెనక సీట్లోంచి ఆరేళ్ళ పిల్ల ‘నాన్నా, లాక్ వెయ్యి’ అంది. తండ్రి ముఖం ఎర్రబడింది. ‘మేమెప్పుడూ దానికి ఇలాంటివి చెప్పలేదండీ, స్కూల్లో నేర్చుకుని ఉంటుంది’ అన్నాడు. ఆయన అబద్ధమాడలేదు. నిజంగానే చెప్పలేదు. ప్రతిసారీ తనే వేసుకుంటూ వచ్చాడు, పిల్ల వెనక కూర్చుని చూసింది.

2020లో పోలీసు చేతిలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ హత్య తరవాత అమెరికా తెలుగు ఇళ్ళలోనూ వర్ణ వివక్ష గురించి చర్చ కొంత నడిచింది. ఇక్కడ ఇండియాలో అదే ఏడాది ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము పేరు మార్చుకుంది. ఆ చర్చ చల్లారింది. క్రీము మాత్రం అమ్ముడవుతూనే ఉంది.

రంగు పట్టింపు పుట్టుకతో రాదు. 2006లో వెలువడ్డ ఒక ఇజ్రాయెల్ పరిశోధన నా మనసులోంచి పోదు. మూడు నెలల పసికందులకు తెల్ల, నల్ల ముఖాల ఫొటోలు పక్కపక్కన చూపించారు. తెల్లవాళ్ళ మధ్య ఉన్న బిడ్డలు తెల్ల ముఖాలనే ఎక్కువసేపు చూశారు. ఇథియోపియాలో నల్లవాళ్ళ మధ్య ఉన్న బిడ్డలు నల్ల ముఖాలను చూశారు. ఇథియోపియా నుంచి ఇజ్రాయెల్‌కు వలస వచ్చి, రెండు రకాల మనుషుల చేతుల్లోనూ తిరిగిన బిడ్డలకు మాత్రం ఆ మొగ్గు లేనేలేదు. మూడు నెలల వయసులో ఇది ద్వేషం కాదు, కంటి అలవాటు. కానీ ఆ కంటి ముందు ఎవరుండాలో నిర్ణయించేది తల్లిదండ్రులే. ఏ పేటలో ఇల్లు కొనాలి, ఏ స్కూలుకు పంపాలి, పుట్టినరోజుకు ఎవరిని పిలవాలి? ఇవన్నీ పాఠాలే. ‘అందరూ సమానమే అమ్మా’ అని నోటితో చెప్పేది వీటి ముందు ఎంత?

మన ఇళ్ళలో ఈ పాఠం ఇంకా ముందే, బిడ్డ కడుపులో ఉండగానే మొదలవుతుంది. తెల్లగా పుట్టాలని కుంకుమపువ్వు పాలు తాగిస్తాం. పుట్టాక ఒళ్ళంతా శనగపిండితో రుద్దుతాం. వేసవి సెలవుల్లో ‘ఎండలో తిరక్కు, నల్లబడిపోతావ్’ అని గదమాయిస్తాం. పెళ్ళిచూపుల నాటికి ‘రంగు తక్కువైనా కళ గల ముఖం’ అంటాం. పొగుడుతున్నామనే అనుకుంటాం. ఆ ‘అయినా’ వింటూ పెరిగిన ఆడపిల్లకు అద్దం ముందు ఏమనిపిస్తుందో ఎవరూ అడగరు. 1940లలో అమెరికాలో కెనెత్, మేమీ క్లార్క్ దంపతులు నల్లజాతి పిల్లల ముందు తెల్ల బొమ్మ, నల్ల బొమ్మ పెట్టి మంచిదేదని అడిగితే ఎక్కువమంది తెల్ల బొమ్మనే చూపించారు. స్కూళ్ళలో వర్ణ విభజన చెల్లదన్న 1954 నాటి సుప్రీంకోర్టు తీర్పులో ఆ పరిశోధన ప్రస్తావన ఉంది. మన చామనఛాయ పిల్లల ముందు అవే రెండు బొమ్మలు పెట్టే ధైర్యం మనలో ఎంతమందికి ఉంది?

నల్లవాళ్ళంటే ఈ భయం ఊరికే పుట్టిందా అని అడుగుతారు. స్టోర్లలో, గ్యాస్ స్టేషన్లలో పనిచేస్తూ దొంగల తుపాకులకు బలైన తెలుగు విద్యార్థులున్నారు. ఆ కన్నవాళ్ళ దుఃఖం ముందు ఎవరైనా తల వంచాల్సిందే. వేళ చూసుకో, చోటు చూసుకో అని పిల్లలకు చెప్పడం తప్పు కాదు.

కానీ 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఓలేతేలో ఒక బార్‌లో ‘మా దేశం వదిలి పొండి’ అని అరిచి మన తెలుగు ఇంజినీరును కాల్చి చంపినవాడు తెల్లవాడు. ఆ తరవాత బయట తెలుగులో మాట్లాడొద్దన్న సలహాలు తిరిగాయి గానీ, తెల్లవాడు కనబడితే డోర్ లాక్ వెయ్యమని ఏ తండ్రీ నేర్పలేదు. ఆ రోజు అడ్డుపడి తూటా తిన్నవాడూ తెల్లవాడేనని గుర్తుపెట్టుకున్నాం. గుర్తుపెట్టుకోవాలి కూడా. అంటే హంతకుణ్ణి అతని జాతి నుంచి విడదీసి చూడటం మనకు చేతనవును. నల్లవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఏమైపోతోంది?

పైగా ఇది రుణం మరిచిన పని. 1923లో అమెరికా సుప్రీంకోర్టు పంజాబ్ నుంచి వలస వెళ్ళిన భగత్ సింగ్ థింద్ తెల్లవాడు కాడని చెప్పి పౌరసత్వం నిరాకరించింది. 1946 చట్టం భారతీయులకిచ్చిన వలస కోటా ఏడాదికి 100 మంది. నల్లజాతి ప్రజలు వీధుల్లో దెబ్బలు తిని, జైళ్ళకు వెళ్ళి 1964లో పౌరహక్కుల చట్టం సాధించుకున్నారు. ఆ ఊపులోనే 1965లో వలస చట్టం మారి మన ఇంజినీర్లకు, డాక్టర్లకు తలుపు తెరుచుకుంది. నాన్న ఎంసెట్ ర్యాంకు, హెచ్1బీ లాటరీ కథలు చెప్పుకునే ఇంట్లో ఈ కథ ఎందుకు చెప్పరు?

నన్ను నిజంగా తొలిచే సంగతి ఇంకొకటుంది. వర్ణమంటే మన భాషలో రంగూ అదే, కులమూ అదే. అమెరికాలో అడుగు పెట్టాక మనం జాతి వివక్ష కొత్తగా నేర్చుకోలేదు, మూటలో కట్టుకుని తీసుకెళ్ళాం. పిల్లాడు స్నేహితుణ్ణి ఇంటికి తెస్తే మజ్జిగిచ్చి ఆదరంగానే మాట్లాడతాం. వాడు గుమ్మం దాటగానే ‘వాళ్ళేమిట్లు?’ అని కులం అడుగుతాం. పిల్లాడికి అప్పటికి జవాబు తెలియదు. అది తెలుసుకోవాల్సిన విషయమని మాత్రం తెలిసిపోతుంది. హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకు అడిగేటప్పుడు దళితుడికీ, ఆఫ్రికా విద్యార్థికీ ఒకే రకం గేటు మూసుకుపోవడం యాదృచ్ఛికం కాదు. 2023లో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించిందంటే, ఆ మూట అక్కడ విప్పారు కాబట్టే కదా!

ఆ రాత్రి ఆ తండ్రితో చాలాసేపు మాట్లాడాను. మంచివాడు, చెప్పింది శ్రద్ధగా విన్నాడు. పాప పుట్టినరోజుకు ఎవరెవరిని పిలిచారని అడిగాను. ‘ముప్ఫై మంది దాకా వచ్చారు. అంతా మనవాళ్ళే’ అన్నాడు. ‘మనవాళ్ళంటే తెలుగువాళ్ళా?’ అన్నాను. ఆయన కాసేపు పలకలేదు. తరవాత గొంతు తగ్గించి, ‘తెలుగువాళ్ళలో మనవాళ్ళేనండీ’ అన్నాడు. పాప పక్క సోఫాలోనే ఉంది, ఇంకా నిద్రపోలేదు.